పాత ఇంటిని పడగొట్టే ముందు...

మన ఐటీ జనాల మధ్య ఒక సంభాషణ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. మాదాపూర్‌లో లంచ్ టేబుల్ దగ్గరైనా, డాలస్‌లో పాట్‌లక్ పార్టీలోనైనా మాటలు మాత్రం ఒకటే. "ఊళ్ళో అమ్మానాన్నలుండే పాత ఇల్లుంది. ఏం చెయ్యాలో తోచట్లేదు." దీనికి చుట్టూ ఉన్నవాళ్ళ దగ్గర రెండే సమాధానాలుంటాయి. ఒకటి: "డెవలప్‌మెంట్‌కి ఇచ్చెయ్. ఫిఫ్టీ ఫిఫ్టీ. రెండు మూడు ఫ్లాట్లొస్తాయి." రెండు: "పడగొట్టి బ్రహ్మాండమైన డూప్లెక్స్ కట్టు."

మూడో సమాధానం కూడా ఒకటుంది. ఉన్న ఇంటిని ఉండనిచ్చి, అందులో లేనివి మాత్రం పక్కన కొత్తగా కట్టి కలపడం. ఆ కొత్త భాగాన్ని ఈ కాలం డిజైన్‌తో, ఈ కాలం సౌకర్యాలతో కట్టడం. ఇల్లు గట్టిగా ఉంటే చాలా సందర్భాల్లో ఇదే సరైన దారి అని నా వాదన.

ముందే చెప్తున్నా, నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, సివిల్ ఇంజనీర్ని కాదు. తెనాలిలో మా తాతయ్య 1956లో కట్టిన ఇంటికి రెండేళ్ళు వెంటపడి ఈ పని చేయించాను. ఆ రెండేళ్ళూ ఒక స్ట్రక్చరల్ ఇంజనీర్‌నీ, ఇద్దరు మేస్త్రీలనీ ప్రశ్నలతో వేధించాను. ఆ ధైర్యంతోనే ఈ నాలుగు మాటలు.

ముందు బగ్ లిస్టు రాయండి

"పాత ఇల్లు పనికిరాదు" అనేవాళ్ళని ఎందుకు పనికిరాదో ఒక కాగితం మీద రాయమనండి. దాదాపు అందరి లిస్టూ ఇలాగే ఉంటుంది. బాత్రూం దొడ్లో ఉంది, రాత్రిపూట అమ్మ అంత దూరం నడవలేకపోతోంది. వంటిల్లు చీకటి. వానొస్తే ఒక మూల కారుతుంది. గోడకి చెమ్మ. ఏసీ పెడితే ఫ్యూజు పోతుంది. పిల్లలతో మేం వెళ్తే పడుకోడానికి చోటు లేదు. కారు పెట్టుకోడానికి లేదు.

ఇప్పుడు ఈ లిస్టుని ఒక టెస్టర్ లాగా చూడండి. కారడం, చెమ్మ, వైరింగు.. ఈ మూడూ రిపేర్లు. బాత్రూం, వంటిల్లు, ఒక పడగ్గది.. ఈ మూడూ కలిపి నాలుగైదు వందల చదరపు అడుగుల కొత్త కట్టడం. కారు సంగతి ప్రహరీగోడకి ఒక వెడల్పాటి గేటు. మొత్తం ఇల్లు పడగొడితే తప్ప తీరనిది ఈ లిస్టులో ఏదైనా ఉందా? మా లిస్టులో ఒక్కటీ లేదు.

ఇక్కడ మన ఫీల్డులో అందరికీ తెలిసిన కథొకటి గుర్తు చేస్తాను. 2000లో జోయెల్ స్పోల్స్కీ ఒక వ్యాసం రాశాడు. నెట్‌స్కేప్ వాళ్ళు తమ బ్రౌజర్ కోడ్ అసహ్యంగా ఉందని మొత్తం పక్కనపడేసి మొదట్నుంచీ రాయబూనడం ఎంత పెద్ద తప్పో అందులో చెప్పాడు. ఆయన పాయింటు సింపుల్. పాత కోడ్‌లో వికారంగా కనపడే లైన్లు చాలావరకు ఎవరో ఎప్పుడో పడ్డ తిప్పల తర్వాత చేసిన బగ్ ఫిక్సులు. కోడ్ పారేస్తే ఆ జ్ఞానం కూడా పోతుంది. మళ్ళీ ఆ తిప్పలన్నీ మొదట్నుంచీ పడాలి.

పాత ఇల్లూ అంతే. కాకపోతే అందులో కామెంట్లు ఉండవు. తాతయ్య ఎందుకలా కట్టాడో ఎక్కడా రాసిపెట్టలేదు. మనమే తవ్వుకోవాలి.

కారణం బతికుందా, చచ్చిపోయిందా?

నేను చేసిన పని ఇది. ఇంట్లో వింతగా కనపడే ప్రతిదానికీ "ఇది ఎందుకుంది?" అని అడగడం. నాన్ననీ, పెదనాన్ననీ, ముసలి మేస్త్రినీ అడిగాను. సమాధానం దొరికాక రెండో ప్రశ్న: "ఆ కారణం ఇప్పటికీ ఉందా?" ఉంటే దాని జోలికి పోకూడదు. పోయి ఉంటే నిర్దాక్షిణ్యంగా తీసెయ్యొచ్చు.

ఇంటి ముందు, పడమటి వైపు లోతైన వరండా ఉంది. ఎందుకు? సాయంత్రం ఎండ గది గోడకి తగలకుండా. ఆ ఎండ ఇప్పటికీ ఉంది, అప్పటికంటే మంటగా ఉంది. కాబట్టి వరండా ఉండాలి. మా పక్కింటివాళ్ళు అదే వరండాని అద్దాలతో మూయించి "సిటవుట్" అన్నారు. ఇప్పుడు ఏప్రిల్ నుంచి జూన్ దాకా అందులో సిట్టూ లేదు, అవుటూ లేదు :)

కప్పు పన్నెండడుగుల ఎత్తు. దాని కింద చిన్న చిన్న వెంటిలేటర్లు. వేడిగాలి పైకి చేరి అందులోంచి బయటికి పోవడానికి. కారణం బతికుంది. నున్నగా కనపడాలని ఫాల్స్ సీలింగ్ వేసి వీటిని కప్పేస్తే ఆ ఏర్పాటు చచ్చిపోతుంది. ఆ తర్వాత ఏసీ లేకుండా ఆ గదిలో ఉండలేరు.

అరుగు ఎత్తు రెండున్నర అడుగులు. ఎందుకింత ఎత్తు? వానాకాలంలో వీధి నీళ్ళు లోపలికి రాకుండా. డెల్టాలో ఈ కారణం ఎప్పటికీ చావదు. పైగా మున్సిపాలిటీ వాళ్ళు సిమెంటు రోడ్డు మీద సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోతుంటే వీధి ఎత్తు ఏటేటా పెరుగుతోంది.

ఇక చచ్చిపోయిన కారణాలు. వంటిల్లు ఇంటికి చివర, చీకటిగా, ఒక్క పొగగూడుతో ఉంది. కట్టెల పొయ్యి పొగ ఇల్లంతా కమ్మకుండా అలా కట్టారు. గ్యాసొచ్చి ఎన్నేళ్ళయింది? బాత్రూం దొడ్డి చివరుంది. దానికి మడి, మైల, అప్పటి పాయిఖానా పద్ధతి కారణం. సెప్టిక్ ట్యాంకు, ఫ్లష్ వచ్చాక ఆ కారణమూ పోయింది. ధాన్యం కొట్టు ఉంది. పొలం కౌలుకిచ్చి ఇరవయ్యేళ్ళయింది, గింజ కూడా ఇంటికి రాదు. ఆ కొట్టు ఇప్పుడు మా ఇంట్లో ఇన్వర్టరు, వాషింగ్ మెషీన్, పాత పుస్తకాలు పెట్టే గది.

ఇలా విడదీసి చూస్తే ఇల్లంతా "పాతది" అనే ఒక్క ముద్దలా కనపడదు. సగానికి పైగా ఇప్పటికీ చక్కగా పనిచేస్తోందని తెలుస్తుంది.

పాత ఇంటి మీద అంతస్తు వద్దు

ఎక్స్‌టెన్షన్ అనగానే మనవాళ్ళకి మొదట తట్టేది పైన ఒక అంతస్తు వెయ్యడం. చోటు ఖర్చవదు, పిల్లర్లు ఎలాగూ ఉన్నాయిగా అని. అసలు విషయమేమిటంటే చాలా పాత ఇళ్ళలో పిల్లర్లే ఉండవు. ఇప్పటి అపార్టుమెంట్లలో బరువంతా కాంక్రీటు పిల్లర్లు, బీములు మోస్తాయి, గోడలు ఊరికే మధ్యలో నింపినవి. పాత ఇళ్ళలో గోడే పిల్లరు. కప్పు బరువంతా గోడలే మోసి పునాదికి దించుతాయి. అందుకే హాలు విశాలంగా చేద్దామని మధ్య గోడ కొట్టేస్తామనే ఆలోచన కూడా ప్రమాదమే. అది గోడ కొట్టడం కాదు, స్తంభం తీసెయ్యడం.

మా ఇంటి కప్పు మద్రాసు మిద్దె. టేకు దూలాలు వరసగా పెట్టి, వాటి మీద పల్చటి ఇటుకల్ని నిలువుగా, ఏటవాలు వరసల్లో గానుగ సున్నంతో పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు దట్టంగా వేసి దిమ్మిసతో కొట్టి కట్టేవాళ్ళు. తన బరువు, నలుగురు మనుషుల బరువు, ఎండబెట్టిన వడియాల బరువు మొయ్యడానికి కట్టారు దాన్ని. దాని పైన ఇంకో ఇల్లు మొయ్యడానికి కాదు. మంగుళూరు పెంకుల ఇళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

పాత గోడలతో ఇంకో తిరకాసు ఉంది. అవి సున్నంతో, కొన్నిచోట్ల మట్టితో కట్టినవి. సున్నపు గోడ చెమ్మని పీల్చుకుని మళ్ళీ గాలికి వదిలేస్తుంది. చెమ్మ కనపడగానే మేస్త్రి దాని మీద సిమెంటు ప్లాస్టరు, ఆ పైన పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేస్తానంటాడు. అప్పుడు లోపలి చెమ్మ బయటికి రాలేక అక్కడే ఉండిపోతుంది. రెండు వానాకాలాల్లో పెయింటు బుడగలొచ్చి, ప్లాస్టరు పొరలు పొరలుగా ఊడుతుంది. చెమ్మ ఎక్కడ్నించి వస్తోందో చూసి, అంటే కారే తూము, గోడ పక్కన నిలిచే నీళ్ళు, చూసి అక్కడ ఆపాలి. గోడకి మాత్రం మళ్ళీ సున్నమే వెయ్యాలి. సున్నం పని తెలిసిన మేస్త్రి దొరకడం కష్టం, నిజమే. మాకు మూడు నెలలు పట్టింది. దొరికినాయన వయసు డెబ్భై దాటింది. ఆయన దగ్గర పని నేర్చుకునేవాడు ఒక్కడూ లేడు.

లూజ్ కప్లింగ్

కాబట్టి కొత్త భాగం పక్కన రావాలి. అక్కడ కూడా ఒక చిక్కుంది. పాత గోడకి కొత్త గోడని అతికించి కట్టేస్తారు. పాత ఇల్లు అరవయ్యేళ్ళుగా కిందికి దిగాల్సినంత దిగి స్థిరపడి ఉంటుంది. కొత్తది ఇప్పుడే దిగడం మొదలుపెడుతుంది. రెండూ కలిసినచోట పై నుంచి కిందిదాకా బీట పడుతుంది. కృష్ణా, గుంటూరు జిల్లాల నల్లరేగడి నేలల్లో ఇది ఇంకా ఎక్కువ. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుని నెర్రెలిస్తుంది. మొదటి మేస్త్రి నాతో అన్నమాట ఇది: "ఏం కాదు బాబూ, పగులొస్తే సిమెంటు పెట్టి పూసేద్దాం." ఎక్సెప్షన్‌ని క్యాచ్ చేసి ఏం చెయ్యకుండా వదిలేసే కోడ్ గుర్తొచ్చింది నాకు :)

ఇంజనీరు చెప్పిన పద్ధతి మనకి బాగా తెలిసిందే. రెండు మాడ్యూళ్ళనీ విడిగా ఉంచు, మధ్యలో పల్చటి ఇంటర్‌ఫేస్ పెట్టు. కొత్త భాగానికి దాని పునాది దానిదే, దాని పిల్లర్లు దానివే. పాత గోడ మీద ఒక్క ఇటుక బరువు కూడా పడకూడదు. పాత పునాది పక్కనే లోతుగా తవ్వకూడదు. నల్లరేగడిలో పునాది మట్టి కదలని లోతు దాకా పోవాలి. రూర్కీలోని కేంద్ర భవన నిర్మాణ పరిశోధన సంస్థ వాళ్ళు ఇలాంటి నేలల కోసమే అడుగున ఉబ్బెత్తుగా ఉండే పైల్స్ పద్ధతిని తయారుచేశారు. అండర్ రీమ్‌డ్ పైల్స్ అంటారు. మేం అవే వేశాం.

పాత ఇంటికీ కొత్త గదులకీ మధ్య అయిదడుగుల వెడల్పు నడవ. దానికి తేలికపాటి స్టీలు కప్పు, రెండు పక్కలా గాలి ఆడే జాలీ. రెండు కట్టడాలూ వాటి పాటికవి కాస్త కదిలినా ఈ నడవ దగ్గరున్న సందు సర్దుకుంటుంది. దానికి తోడు పాత ఇంటి వెనక గదుల కిటికీలు మూసుకుపోలేదు. వెనక గోడకి ఆనించి కట్టి ఉంటే ఆ గదులు పగలు కూడా లైటు వేసుకోవాల్సిన గుహలయ్యేవి. చాలా ఎక్స్‌టెన్షన్లలో జరిగేది సరిగ్గా ఇదే. కొత్త గదికి వెలుతురొస్తుంది, దాని వెనక పాతది చీకటైపోతుంది.

కొత్తది ఎలా కనపడాలి?

ఇక్కడ మనవాళ్ళు రెండు రకాలు. ఒక రకం వాళ్ళు కొత్తదాన్ని పాతదానిలా నటింపజేస్తారు. వాలుగా కాంక్రీటు శ్లాబు పోసి దాని మీద మంగుళూరు పెంకులు అతికిస్తారు. కారైక్కుడి నుంచి పాత స్తంభాలు తెప్పించి ఏ బరువూ మొయ్యనిచోట నిలబెడతారు. రెండో రకం వాళ్ళు పాతదాన్ని కొత్తదానిలా నటింపజేస్తారు. ముందు భాగమంతా అల్యూమినియం షీట్లు, నీలం అద్దాలు, ఎలివేషన్ టైల్స్. వెనక్కి వెళ్తే అదే పాత గోడ, అదే చెమ్మ.

పురాతన కట్టడాల సంరక్షణ గురించి 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ అనే ఒప్పందం ఉంది. తప్పనిసరై కొత్తగా ఏదైనా చేర్చాల్సి వస్తే అది పాతదానితో కలగాపులగం కాకూడదు, ఈ కాలానిదని తెలిసేలా ఉండాలి అంటుంది. మన తెనాలి ఇళ్ళేమీ తాజ్‌మహళ్ళు కావు. కానీ ఆ సూత్రంలోని నిజాయితీ నాకు నచ్చింది.

దీనికి ఇళ్ళలో ప్రసిద్ధమైన ఉదాహరణ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ గేరీ సొంత ఇల్లు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో 1920ల నాటి మామూలు ఇల్లు. 1978లో ఆయన దాన్ని పడగొట్టకుండా దాని చుట్టూ రేకులు, ప్లైవుడ్, ఇనుప వల కంచెలతో కొత్త ఇల్లు చుట్టాడు. లోపల పాత ఇల్లు అలాగే కనపడుతుంటుంది. పక్కన కారు దారి ఉన్నచోటికి వంటిల్లు జరిపి, దానికి కింద తారు నేలే ఉంచాడు. ఇరుగుపొరుగు వాళ్ళు మండిపడ్డారు. మన ఇంటికి ఇనుప వల చుట్టమని నేనట్లేదు, అమ్మ ఊరుకోదు కూడా. అందులోంచి తీసుకోవాల్సింది ఒకటే: పాతది పాతదిగా, కొత్తది కొత్తదిగా ఒకేచోట ఉండొచ్చు. ఏదీ ఇంకోదాని వేషం వెయ్యక్కర్లేదు.

మేం కొత్త భాగాన్ని పాతదానికంటే రెండడుగులు తక్కువ ఎత్తులో, వెనకవైపు కట్టాం. వీధిలోంచి చూస్తే అదే పాత ఇల్లు. దొడ్లోకి వస్తే సాదా తెల్ల గోడలు, పెద్ద కిటికీలు, నల్ల స్టీలు చట్రాలు. నేలకి మాత్రం పాత ఇంట్లో ఉన్నట్టే నాపరాళ్ళు. పాత గది నుంచి కొత్త గదికి నడిస్తే పాదానికి తేడా తెలీదు, కంటికి తెలుస్తుంది.

పింటరెస్ట్ ఇళ్ళు, తెనాలి ఎండ

"కాంటెంపరరీ" అనగానే మనకి కళ్ళముందు నిలిచేవి నేల నుంచి కప్పుదాకా అద్దాలున్న ఫొటోలు. అవి ఎక్కువగా చలిదేశాల ఇళ్ళు. అక్కడ ఎండ వరం, వీలైనంత లోపలికి రావాలి. మే నెలలో 45 డిగ్రీలు దాటే విజయవాడ పక్కన పడమటి వైపు అద్దాల గోడ పెడితే అది ఇల్లు కాదు, బేకరీ ఓవెన్.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. మనం ఉన్నది సుమారు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం. దక్షిణం ఎండ ఎక్కువగా చలికాలంలో వస్తుంది, అదీ చాలావరకు పైనుంచి, కాబట్టి చిన్న సన్‌షేడ్ చాలు. మే మొదటివారం నుంచి ఆగస్టు మొదటివారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు, దానికీ సన్‌షేడ్ చాలు. పడమటి ఎండ అలా కాదు. కిందుగా, ఏటవాలుగా వస్తుంది, సన్‌షేడ్ కిందనుంచి దూరి లోపలికి వచ్చేస్తుంది. దానికి వరండా కావాలి, చెట్టు కావాలి, లేదా కిటికీయే లేని గోడ కావాలి. మేం ఉత్తరం వైపు పెద్ద కిటికీలు పెట్టి, పడమటి వైపు బాత్రూం, అల్మరాలు పెట్టాం. ఎండని అవి కాచుకుంటాయి, పడగ్గది చల్లగా ఉంటుంది.

ఇక శ్లాబు. పగలంతా కాగి రాత్రంతా ఆ వేడిని గదిలోకి వదలడం దాని స్వభావం. లారీ బేకర్ కేరళలో చేసి చూపించిన ఫిల్లర్ శ్లాబు పద్ధతి దీనికి కొంత మందు. శ్లాబు అడుగు భాగంలో కాంక్రీటు ఊరికే బరువుగా ఉండే చోట్ల పెంకులు పెట్టి పోస్తారు. కాంక్రీటు తగ్గుతుంది, పెంకుల మధ్య గాలి వేడిని కొంత ఆపుతుంది. కింద నుంచి చూడ్డానికీ బాగుంటుంది. అంత ఓపిక లేకపోతే పైన తెల్లటి కూల్ రూఫ్ పూత వేయించినా తేడా తెలుస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది.

ఇల్లు ఎవరికోసం?

అసలు విషయం ఇది. ఈ ఇళ్ళ గురించి నిర్ణయం తీసుకునేది మనం, ఏడాదికి పది రోజులు అక్కడుండేవాళ్ళం. మిగతా 355 రోజులూ ఉండేది డెబ్భై ఏళ్ళ ఇద్దరు మనుషులు. డిజైన్ ఎవరి చుట్టూ తిరగాలి? కానీ నేను చూసిన చాలా "మోడరన్" ఇళ్ళలో పై అంతస్తులో హోమ్ థియేటర్ ఉంటుంది, కింద బాత్రూంలో పట్టుకోడానికి కడ్డీ ఉండదు.

పెద్దవాళ్ళకి కావలసింది ఏమంత ఖరీదైనది కాదు. మంచానికీ బాత్రూంకీ మధ్య పది అడుగులు మించకూడదు. దారిలో మెట్టు, గడప ఉండకూడదు. తలుపు మూడడుగుల వెడల్పుండాలి, రేపు వాకరొచ్చినా వీల్‌ఛైరొచ్చినా పట్టాలి. జారని టైల్స్, కమోడ్ పక్కన కడ్డీ, రాత్రి వెలిగే చిన్న లైటు, మంచం మీద నుంచి అందే స్విచ్. అరుగు ఎక్కడానికి ర్యాంపు కావాలంటే 1:12 వాలు ఉండాలి. అంటే రెండున్నర అడుగుల ఎత్తుకి ముప్ఫై అడుగుల ర్యాంపు. అంత పొడవు ముందు వైపు కుదరదు, ఇంటి పక్కగా తిప్పాలి. ప్లానులోనే అనుకుంటే కుదురుతుంది, అవసరమొచ్చాక అనుకుంటే కుదరదు.

వాస్తు గురించి ఒక ముక్క. అమ్మతో వాస్తు వాదన గెలిచినవాడు నాకింతవరకు తగల్లేదు. నేనైతే దాన్ని క్లయింటు ఇచ్చిన రిక్వైర్‌మెంటులా తీసుకున్నాను. ఖర్చు లేకుండా కుదిరినవన్నీ ఒప్పుకున్నాను. ఉత్తరం వైపు పెరగాలన్నారు, ఎండ లెక్కలోనూ అదే మంచిది, సంతోషం. రెండుచోట్ల మాత్రం కుదరదన్నాను. బరువు మోసే గోడకి కొత్త ద్వారం కొట్టమన్నప్పుడు, బాత్రూంని పడగ్గదికి దూరం జరపమన్నప్పుడు. "ఒరేయ్, నీ చాదస్తం నాకంటే ఎక్కువగా ఉందిరా" అంది అమ్మ. ఒప్పుకుంది కూడా.

ఇప్పుడు డెవలప్‌మెంట్ ఒప్పందం సంగతి. ఎక్సెల్ షీట్లో అది ఎప్పుడూ గెలుస్తుంది. కానీ ఆ షీట్లో లేని కాలమ్ ఒకటుంది. పడగొట్టిన రోజు నుంచి ఫ్లాటు చేతికొచ్చే దాకా అమ్మానాన్నలు ఎక్కడుంటారు? అద్దింట్లో. ఎన్నాళ్ళు? అగ్రిమెంటులో రెండేళ్ళుంటుంది, అది మూడైనా ఎవరూ ఆశ్చర్యపోరు. మనకి నలభై ఏళ్ళప్పుడు మూడేళ్ళంటే ఒక ప్రాజెక్టు. డెబ్భై రెండేళ్ళ మనిషికి మూడేళ్ళంటే, కాళ్ళు ఆడుతున్న ఆఖరి మూడేళ్ళు కావచ్చు. పూలమ్మాయి, పాలవాడు, ఎదురింటి పిన్నిగారు, రోజూ నడిచే గుడిదారి, అన్నీ పోతాయి. పక్కన కట్టి కలిపే పద్ధతిలో వాళ్ళు ఒక్కరోజు కూడా ఇల్లు వదలక్కర్లేదు. దుమ్ము, చప్పుడు ఉంటాయి. నాన్న అయితే రోజూ కుర్చీ వేసుకుని కూర్చుని మేస్త్రిని సూపర్‌వైజ్ చేశారు. రిటైరయ్యాక ఆయన అంత ఉత్సాహంగా ఉండగా నేను చూళ్ళేదు.

డబ్బు, కాగితాలు

డబ్బు ఏ వరసలో ఖర్చుపెట్టాలన్నది ముఖ్యం. ముందు కప్పు కారడం ఆపండి. తర్వాత చెద మందు. తర్వాత వైరింగు మొత్తం మార్చండి. చెక్క బద్దీల మీద పోయే పాత వైర్లకి చాలా ఇళ్ళలో ఎర్తింగే ఉండదు, ఏసీ, గీజర్ వాటి మీద పెట్టడమంటే నిప్పుతో ఆట. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి తప్పనిసరిగా పెట్టించండి, షాక్ కొట్టినప్పుడు ప్రాణం కాపాడేది అదే. ఆ తర్వాత కొత్త గది, బాత్రూం, వంటిల్లు. ఎలివేషన్ అన్నిటికంటే చివర. మామూలుగా జరిగేది దీనికి సరిగ్గా తిరగేసి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఇల్లు ఎవరి పేరున ఉందో చూసుకోండి. తాతల ఆస్తి అయితే అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్ళకీ అందరికీ వాటా ఉంటుంది. ఆడపిల్లల హక్కు మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే అమల్లోకి వచ్చింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఒకడు డాలర్లు పంపి గదులు కట్టిస్తాడు, పదేళ్ళ తర్వాత పంపకాల దగ్గర ఆ గదులెవరివన్న గొడవతో పెళ్ళిళ్ళకి కూడా పిలుచుకోని కుటుంబాలు నాకు తెలుసు. ఇటుక పడకముందే అందరూ కూర్చుని, ఎవరు ఎంత పెడుతున్నారు, అది వాటాగానా, అమ్మానాన్నలకి కానుకగానా అన్నది కాగితం మీద పెట్టుకోండి. ప్లాను అప్రూవల్, చుట్టూ వదలాల్సిన ఖాళీ సంగతి కూడా ముందే చూసుకోవాలి. "పాత ఇంటికేగా" అనుకుంటే తర్వాత నోటీసొస్తుంది.

ఎప్పుడు పడగొట్టాలి?

అన్నిటినీ కాపాడమని నేను చెప్పట్లేదు. గోడలు పక్కకి ఒరిగి, ఏటా కొత్త పగుళ్ళొస్తుంటే, పునాది కుంగుతుంటే పడగొట్టాల్సిందే. 1970లు, 80ల్లో సముద్రం దగ్గరి ఊళ్ళలో కట్టిన కొన్ని శ్లాబులు ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటాయి. ఇనుము సన్నబడిపోయి ఉంటే ఆ కప్పు కింద ఎవర్నీ పడుకోబెట్టకూడదు. రోడ్డు పెరిగి పెరిగి ఇల్లు గుంటలో పడి, డ్రైనేజీ నీళ్ళు లోపలికి వస్తుంటే కూడా కష్టమే. జాకీలు పెట్టి ఇళ్ళు పైకెత్తేవాళ్ళున్నారు గానీ, సున్నం గోడల పాత ఇంటికి ఆ సాహసం చెయ్యమని నేను చెప్పను. స్థలం మరీ చిన్నదై, పక్కన కట్టడానికి చోటే లేకపోయినా నా వాదన పనికిరాదు.

కానీ ఆ మాట చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీర్. బిల్డర్ చెప్తే ఆయన వ్యాపారం చెప్పినట్టు, బంధువులు చెప్తే వాళ్ళ ఫ్లాటు చెప్పినట్టు. మేస్త్రి కూడా పాత ఇల్లు రిపేరు కంటే కొత్త ఇల్లు కట్టడమే సులువని చెప్తాడు. ఆయనకి అది నిజమే.

ఈసారి సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒక్కరోజు కేటాయించండి. టేపు పట్టుకుని గదులన్నీ కొలిచి ఒక ప్లాను గీయండి. ఎండ ఎప్పుడు ఏ గదిలోకొస్తుందో రాసుకోండి. రాత్రి అమ్మ లేచినప్పుడు ఎన్ని మెట్లు దిగుతోందో, ఎన్ని గడపలు దాటుతోందో లెక్కపెట్టండి. నాన్నని కూర్చోబెట్టి ఇంట్లో ప్రతిదీ ఎందుకలా ఉందో అడగండి. ఆయనకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు, ఆ సమాచారానికి బ్యాకప్ లేదు. ఇదంతా అయ్యాక కూడా పడగొట్టాలనే అనిపిస్తే పడగొట్టండి. లిస్టు చూడకుండా మాత్రం వద్దు.